నవజాత శిశువుల డాక్టర్ల పరిశోధన పత్రాలు: నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పసిబిడ్డను పెద్ద దవాఖానలో చూపించే ముందు డాక్టరు పేరు ఫోన్‌లో కొట్టి చూడటం ఇప్పుడు మామూలైపోయింది. చదువు, అనుభవం, ఫీజు పక్కనే "పబ్లికేషన్స్" అని ఒక అంకె కనబడుతుంది. దాన్ని ఎట్లా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. తల్లిదండ్రులు, ఆశా వర్కర్లు, నర్సింగ్ విద్యార్థులు, మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన పీజీలు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి.

ముందు ఒక మాట. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీ లోపలికి గుంజుకుపోయేలా ఊపిరి తీస్తున్నా, కదలిక తగ్గినా ఈ పేజీ తర్వాత చదవవచ్చు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఎస్‌ఎన్‌సీయూకి (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) పోండి.

ఒక డాక్టరుగారికి 80 పబ్లికేషన్లు ఉన్నాయట. అంటే చాలా గొప్పవారేనా?

అంకె ఒక్కటి చూసి చెప్పలేం. ఆ 80లో ఏమేం ఉన్నాయో చూడాలి. సొంతంగా పిల్లల మీద అధ్యయనం చేసి రాసినవి కొన్ని ఉంటాయి. ఇతరుల అధ్యయనాలను చదివి సమీక్షించినవి కొన్ని. ఒకే బిడ్డలో కనిపించిన అరుదైన జబ్బు గురించి రాసిన కేస్ రిపోర్టులు, పత్రిక ఎడిటర్‌కు రాసిన ఉత్తరాలు, సదస్సులో చదివిన సారాంశాలు, పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం కూడా అదే లెక్కలో కలుస్తాయి. అన్నీ పబ్లికేషన్లే, కానీ వాటి వెనకున్న శ్రమలో చాలా తేడా ఉంటుంది.

కిలోన్నర లోపు బరువుతో పుట్టిన పిల్లలను రెండేళ్ల వయసు దాకా వెంబడించి, చూపు, వినికిడి, నడక, మాట పరీక్షించి రాసిన ఒక్క పత్రం పది కేస్ రిపోర్టులకన్నా బరువైనదని నా అభిప్రాయం. దానికి ఏళ్లు పడుతుంది. పాలమూరు నుంచి పనికోసం ముంబయికో పుణెకో వలసపోయిన కుటుంబాన్ని మళ్లీ పట్టుకుని బిడ్డను చూడటం ఎంత కష్టమో ఫీల్డులో తిరిగినవాళ్లకే తెలుసు.

అట్లాగని కేస్ రిపోర్టును తీసిపారేయకూడదు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ నవజాత శిశువులను బూడిదరంగుకు తిప్పి ప్రాణం తీస్తోందని 1959లో లోకానికి తెలిసింది. కొద్దిమంది పిల్లల కేసులను శ్రద్ధగా రాసిపెట్టడం కూడా అందుకు ఒక కారణం.

ఈ పత్రాలను ఎక్కడ వెతకాలి? పేరు కొడితే ఇంకెవరివో వస్తున్నాయి.

వైద్య పత్రాలకు మొదట చూడాల్సింది పబ్‌మెడ్. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే ఉచిత జాబితా ఇది. గూగుల్ స్కాలర్‌లో ఇంకా ఎక్కువ దొరుకుతాయి, కానీ అందులో వడపోత తక్కువ. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ (చికిత్సలను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాలు) వివరాలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే సీటీఆర్‌ఐ అనే జాబితాలో ఉంటాయి. అది 2007లో మొదలైంది. ట్రయల్ చేసేవాళ్లు అందులో నమోదు చేయాల్సిందే అన్న నిబంధన 2009లో వచ్చింది.

పేరు చిక్కు మాత్రం మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, సొంత పేరు తర్వాత, కులం పేరు ఉంటే చివర. విదేశీ పత్రిక చివరి మాటనే ఇంటిపేరు అనుకుని మిగతాదాన్ని పొడి అక్షరాలుగా కుదిస్తుంది. అట్లా ప్రతాప్ రెడ్డి, పద్మజా రెడ్డి, ప్రభాకర్ రెడ్డి ముగ్గురూ "రెడ్డి పి" అయిపోతారు. రావులకూ అంతే. చివర కులం పేరు లేనివాళ్ల సొంత పేరే ఇంటిపేరుగా మారి, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరమై మూలకు చేరుతుంది. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న డాక్టరమ్మ పత్రాలు రెండు పేర్ల కింద చీలిపోతాయి, అందుకే ఆమె రికార్డు నిజానికన్నా చిన్నగా కనిపిస్తుంది.

కాబట్టి పేరుతో పాటు పనిచేసే సంస్థ పేరు, ఊరు, సబ్జెక్టు కలిపి వెతకండి. ఊరితోనూ జాగ్రత్త అవసరం. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిషులో నాలుగైదు స్పెల్లింగులతో రాస్తారు. నల్లగొండ, నల్గొండ రెండూ వాడుకలో ఉన్నాయి. 2014కు ముందు అచ్చయినవాటిలో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరే అడ్రసులయ్యాయి. అన్నిటికన్నా తేలిక, ఆ డాక్టరుకు ఆర్కిడ్ నంబరు ఉందేమో చూడటం. పరిశోధకులకు 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న 16 అంకెల గుర్తింపు అది. పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబరు ఒక్కటే.

పత్రంలో పన్నెండుమంది పేర్లున్నాయి. పని చేసింది ఎవరు?

వైద్య పత్రాల్లో సాధారణంగా మొదటి పేరు ఎక్కువ పని చేసి రాసినవారిది, చివరి పేరు మొత్తం నడిపించిన పెద్దవారిది. ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవారి పేరు పక్కన నక్షత్రం గుర్తో మెయిల్ ఐడీయో ఉంటుంది. నడుమ పేర్లవాళ్లు ఏం చేశారో తెలియాలంటే పత్రం చివర "ఎవరి వంతు ఏమిటి" అన్న పేరా చదవాలి. ఒకరి రికార్డు చూసేటప్పుడు మొదట, చివర ఎన్నిసార్లు ఉన్నారో విడిగా లెక్కపెట్టండి. శాఖాధిపతి అయినందుకే పేరు చేర్చడం మన కాలేజీల్లో లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

హెచ్ ఇండెక్స్ అంటే?

హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో పెట్టిన కొలత. హెచ్ ఇండెక్స్ 15 అంటే, కనీసం 15 సార్లు చొప్పున ఇతరులు ప్రస్తావించిన పత్రాలు 15 ఉన్నాయని అర్థం. వయసుతో అది పెరుగుతుందే గానీ తగ్గదు. అందుకే అరవై ఏళ్ల ప్రొఫెసర్‌తో ముప్పై అయిదేళ్ల డాక్టరును దీనితో పోల్చడం అన్యాయం. వందలమంది పేర్లుండే అంతర్జాతీయ అధ్యయనాల్లో ఒక కేంద్రం తరఫున పేరు ఉన్నా ఇది గబగబా పెరుగుతుంది.

పసిపిల్లల మీద మన జిల్లాల్లోనే జరిగిన పెద్ద పరిశోధన ఏదైనా ఉందా?

ఉంది. మనవాళ్లలో చాలామందికి దాని సంగతి తెలియకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. దాని పేరు చాంపియన్ ట్రయల్. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ ప్రాంతంలో 464 పల్లెల్లో జరిగింది. లండన్‌లోని స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు, హైదరాబాద్‌కు చెందిన నాంది ఫౌండేషన్ అందులో పాలుపంచుకున్నారు.

పల్లెలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులను, తల్లులను కూర్చోబెట్టి చర్చలు జరిపారు. కాన్పుకు ముందు, తర్వాత పరీక్షలు ఊరిదగ్గరికే వచ్చాయి. ఎంపిక చేసిన ప్రైవేటు ఆసుపత్రుల్లో కాన్పుకు, బిడ్డ చికిత్సకు ఖర్చులో సాయం దొరికింది. మరి రెండో గుంపు ఊళ్లవాళ్లు ఊరికే లెక్కలు చెప్పి నష్టపోవాలా? అక్కడే ఈ అధ్యయనం తెలివి కనబడుతుంది. ఆ ఊళ్లకు ప్రాథమిక పాఠశాల పిల్లల చదువుకు సాయం అందించే ఇంకో కార్యక్రమం ఇచ్చారు. చదువు మీద దాని ప్రభావాన్ని కూడా విడిగా కొలిచారు, అది స్ట్రైప్స్ అనే పేరుతో అచ్చయింది. ఒకరి బిడ్డల ఆరోగ్యం, ఇంకొకరి పిల్లల చదువు అన్నమాట. ఏ ఊరూ ఉత్త చేతులతో మిగల్లేదు.

ఫలితం ఏమిటంటే, ఆరోగ్య కార్యక్రమం నడిచిన ఊళ్లలో పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే ముప్పు 24 శాతం తక్కువగా తేలింది. ఎట్లా చేయబోతున్నామో చెప్పే ప్రోటోకాల్ 2007లో అచ్చయితే, మరణాల ఫలితాలు ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది 2017లో. ఈలోపు రాష్ట్రం మారింది, జిల్లా మారింది. అందుకే పత్రం శీర్షికలో "నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ" అని రాసి, పక్కన పాత రాష్ట్రం పేరు కూడా చేర్చాల్సి వచ్చింది. పత్రిక ఉచితమైనది కాబట్టి ఎవరైనా మొత్తం చదువుకోవచ్చు.

నాకు ఒక్క అసంతృప్తి ఉంది. ఏ ఊళ్ల నుంచి ఈ లెక్కలు వచ్చాయో ఆ ఊళ్లకు ఫలితాన్ని తెలుగులో రెండు పేజీలుగా అందించడం ఇలాంటి అధ్యయనాలన్నిటికీ తప్పనిసరి కావాలి. అచ్చంపేట వైపు ఒక తల్లి తన బిడ్డ మరణం గురించి కన్నీళ్లు పెట్టుకుంటూ చెప్పిన వివరం ఇంగ్లిషు పట్టికలో ఒక అంకెగా మిగిలిపోకూడదు.

మనకు ఆనుకుని ఉన్న ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి. హైదరాబాద్‌కు దక్షిణాన ఇబ్రహీంపట్నం వైపు 29 పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చే ట్రయల్ నడిపింది. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక మళ్లీ చూస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్లు కాస్త పొడవుగా ఉన్నారు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. 2008లో బీఎంజే పత్రికలో ఇది వచ్చింది. అంగన్‌వాడీలో ఇచ్చే ముద్ద గురించి ఎవరైనా వెటకారంగా మాట్లాడితే ఈ పత్రం చూపించండి.

నిజంగా పత్రాల వల్ల చికిత్స మారిందా, లేక అవి అలమారాల్లోనే ఉంటాయా?

చాలావరకు అలమారాల్లోనే ఉంటాయి. కొన్ని మాత్రం మన గడప దాకా వచ్చాయి. మీ ఇంటికి ఆశా వర్కర్ కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూసి, పాలు తాగుతోందా అని అడుగుతుంది కదా. దాని మూలం గడ్చిరోలి. గోదావరి, ప్రాణహిత దాటితే వచ్చే ఆ మహారాష్ట్ర జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డ సంరక్షణ, ఇన్ఫెక్షన్ చికిత్స నేర్పించారు. 39 పల్లెల్లో ఈ పని చేసి, చేయని 47 పల్లెలతో పోల్చారు. నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 2011లో కేంద్రం దీన్ని ఆశా వర్కర్ల ద్వారా దేశమంతా మొదలుపెట్టింది. అంటే పత్రం నుంచి పథకానికి 12 ఏళ్లు.

ఇంకొకటి కంగారూ మదర్ కేర్. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టిన పద్ధతి. తల్లి రొమ్ముల నడుమ బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడమే. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే ఇది చేయాలని చాలాకాలం అనుకున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే ఏమవుతుందో చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. మన దేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రులు, 3,211 మంది శిశువులు. మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మారింది. ఇప్పుడు ఎస్‌ఎన్‌సీయూలో "అమ్మను లోపలికి రానివ్వరా" అని అడిగే హక్కు మీకు ఉందంటే, దాని వెనక ఆ పత్రం బలం కూడా ఉంది.

"25 శాతం తగ్గింది" అని రాస్తారు. అంటే వందమందిలో పాతికమంది బతికారనా?

కాదు. తల్లిదండ్రులే కాదు, విలేకరులు కూడా ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పైన చెప్పిన కంగారూ అధ్యయనాన్నే చూడండి. 28 రోజుల్లోపు చనిపోయినవాళ్లు మామూలు పద్ధతిలో 15.7 శాతం, వెంటనే మొదలుపెట్టినవాళ్లలో 12 శాతం. తేడా వందకు దాదాపు నలుగురు. 15.7లో ఆ తేడా సుమారు నాలుగో వంతు కాబట్టి 25 శాతం తగ్గుదల అంటారు. రెండూ నిజమే. దాదాపు 27 మంది బిడ్డలకు ఇట్లా చేస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుందని ఇంకో రకంగా చెప్పవచ్చు. ఖరీదైన యంత్రం లేకుండా తల్లి ఒంటి వేడితో వచ్చే ఫలితం అది. నాకైతే 25 శాతం అన్న మాటకన్నా 27 మందికి ఒకరు అన్న మాటే గట్టిగా తగులుతుంది.

ఇంకా ఒకటి చూడాలి. ఏ పిల్లల మీద చేశారు? ఈ అధ్యయనంలో ఉన్నది కిలో నుంచి 1,799 గ్రాముల లోపు బరువున్నవాళ్లు. మూడు కిలోల బిడ్డకు ఇవే అంకెలు వర్తించవు. ఒడిశా పల్లెల్లో 4,556 మంది శిశువుల్లో సగం మందికి మంచి బ్యాక్టీరియా ఉన్న మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూస్తే, తీవ్రమైన ఇన్ఫెక్షన్, మరణం కలిపి 40 శాతం తగ్గాయని 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. వెంటనే మెడికల్ షాపులో దొరికే ప్రోబయాటిక్ పొట్లం కొని బిడ్డకు పట్టేవాళ్లు ఉంటారు. ఆ అధ్యయనంలో వాడిన రకం వేరు, పిల్లలు దాదాపు నెలలు నిండి రెండు కిలోలు దాటినవాళ్లు. డాక్టరు చెప్పకుండా అట్లాంటిది చేయకండి.

అమెరికాలో, ఇంగ్లండులో నిరూపించిన చికిత్స ఇక్కడ మళ్లీ పరీక్షించడం ఎందుకు? వాళ్ల పిల్లలు, మన పిల్లలు వేరా?

పిల్లలు వేరు కాకపోవచ్చు, పరిస్థితులు వేరు. పుట్టగానే ఏడవని బిడ్డకు మెదడు దెబ్బతినకుండా మూడు రోజులు ఒళ్లు చల్లబరిచే చికిత్స ధనిక దేశాల్లో ప్రాణాలు కాపాడింది. దాన్ని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది శిశువుల మీద పరీక్షించారు. హీలిక్స్ ట్రయల్ అంటారు, 2021లో వచ్చింది. చల్లబరిచినవాళ్లలో 42 శాతం, చల్లబరచనివాళ్లలో 31 శాతం చనిపోయారు. మేలు జరగకపోగా కీడు జరిగింది. ఈ పత్రం వచ్చాక వాదనలు చాలా నడిచాయి, ఇంకా నడుస్తున్నాయి. నా దృష్టిలో ఒక పరిశోధకుని రికార్డులో ఇట్లాంటి "పనిచేయలేదు" పత్రం ఉండటం గౌరవం. అనుకున్నది రాకపోయినా దాచకుండా అచ్చువేశారన్నమాట.

నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉన్నప్పుడు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ ఇంకా పొడవు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే బిడ్డ ఊపిరితిత్తులకు దానివల్ల మేలు అని రాశారు. 1994లో అమెరికాలో నిపుణుల సంఘం గట్టిగా చెప్పేదాకా చాలామంది డాక్టర్లు వాడలేదు. తీరా పేద దేశాల్లో పల్లెస్థాయిలోనే విస్తృతంగా ఇస్తే ఏమవుతుందో 2015లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూసింది. మొత్తం మీద నవజాత మరణాలు పెరిగాయి. అప్పుడు గందరగోళం. 2020లో మన దేశంతో సహా ఐదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో, నెలలు స్కానింగ్‌తో సరిగ్గా లెక్కగట్టి, పసిపిల్లల వార్డు ఉన్నచోటే ఇస్తే మరణాలు తగ్గాయి. మందు అదే. ఎవరికి, ఎన్నో నెలలో, ఏ వసతులున్నచోట ఇచ్చారన్నదే తేడా తెచ్చింది. దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో గర్భిణికి మూడో నెలలోపే స్కానింగ్ తీయించమని ఏఎన్ఎం ఎందుకు అంత పట్టుబడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెలిసిన చికిత్స చేయక, పసిపిల్లల మీద ప్రయోగాలెందుకు?

"తెలిసిన చికిత్స" అనుకున్నదే కొన్నిసార్లు హాని చేసింది కాబట్టి. 1940లలో, 50ల మొదట్లో నెలలు నిండని పిల్లలకు మంచిదే కదా అని ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు. వేలమంది పిల్లలకు చూపు పోయింది. లాటరీ పద్ధతిలో పరీక్షించిన తర్వాతే కారణం గట్టిగా తేలింది. ఆ జబ్బు పేరు ఆర్‌ఓపీ, ఇప్పటికీ ఉంది. మీ బిడ్డ రెండు కిలోల లోపు గానీ 34 వారాల లోపు గానీ పుట్టి ఉంటే, పుట్టిన నెలలోపు కంటి రెటీనా పరీక్ష చేయించారా అని తప్పకుండా అడగండి.

మా బిడ్డను స్టడీలో చేర్చమంటున్నారు. సంతకం పెట్టాలా?

మీ ఇష్టం. ఒప్పుకోకపోయినా మామూలు చికిత్స తగ్గకూడదు. ఒప్పుకున్నాక నడుమలో మానేసే హక్కు కూడా మీదే. వివరాల కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. నారాయణపేట వైపు కన్నడం మాట్లాడేవాళ్లకు, మహబూబ్‌నగర్ పట్నంలో ఉర్దూ వాళ్లకు, తండాల్లో లంబాడా వాళ్లకు తెలుగు కాగితం ఇచ్చి వేలిముద్ర వేయించుకోవడం సరికాదు. చదువురానివాళ్లకు ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఆ కాగితంలో ఎథిక్స్ కమిటీ (పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే సంఘం) ఫోన్ నంబరు ఉంటుంది. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ నంబరు అడగండి, అందులో సంవత్సరం, నెల కూడా ఉంటాయి. బిడ్డకు హాని జరిగితే ఖర్చు ఎవరిదో రాసి ఉందా చూడండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే మన రాష్ట్రంలోనే చేదు అనుభవం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం చేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు బయటపడ్డాయి. 2010లో అది ఆగిపోయింది, పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. విచారణలో బాలికల మరణాలకు టీకా కారణమని తేలలేదు. అయినా సమ్మతి తీసుకున్న తీరు తప్పే.

పుట్టిన రాత్రి, ఆపరేషన్ నొప్పితో ఉన్న బాలింత చేత హడావుడిగా సంతకం చేయించడం నాకు నచ్చదు. తెలంగాణలో సగానికి పైగా కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వీలైతే కాన్పుకు ముందే చెప్పాలి. మీకు టెన్షన్‌గా ఉంటే "రేపు పొద్దున చెప్తాం" అనండి.

డబ్బులు కడితే ఏదైనా వేసే పత్రికలు ఉన్నాయట?

బోలెడు. మెడికల్ కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్లకు పత్రాలు ఉండాలన్న నిబంధన వచ్చాక ఆ వ్యాపారం బాగా సాగింది. "గౌరవనీయులైన ప్రముఖ డాక్టరుగారికి" అంటూ మెయిల్ వస్తుంది, నాలుగు రోజుల్లో అచ్చువేస్తామంటారు, కంటి డాక్టరును పసిపిల్లల పత్రం రాయమంటారు. మంచి పత్రికలు కూడా ఉచితంగా చదివించేందుకు రచయిత దగ్గర డబ్బు తీసుకుంటాయి, కాబట్టి ఫీజు ఒక్కటే గుర్తు కాదు. వేరే నిపుణులు చదివి ప్రశ్నలు వేశారా అన్నది అసలు సంగతి. భారతీయ శిశువైద్యుల సంఘం 1964 నుంచి నడుపుతున్న ఇండియన్ పీడియాట్రిక్స్ లాంటి దాంట్లో ఒక పత్రం రావడానికి నెలలు పడుతుంది, తిప్పి పంపేవే ఎక్కువ.

పత్రం పూర్తిగా చదవాలంటే డబ్బు అడుగుతోంది.

సారాంశం ఎప్పుడూ ఉచితం. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద దాదాపు 13 వేల పత్రికలు అందుబాటులోకి వచ్చాయి, కాలేజీ లైబ్రరీలో అడగండి. బయటివాళ్లు రచయితకు మెయిల్ పెడితే సాధారణంగా సంతోషంగా పంపుతారు.

పేపర్లు ఒక్కటీ లేని డాక్టరు దగ్గరికి పోవచ్చా?

నిశ్చింతగా. రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎత్తే డాక్టరు, వార్డులో ప్రతిసారీ చేతులు కడుక్కునే నర్సు మీ బిడ్డకు కావాలి. జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో పడకకు ఇద్దరు పిల్లలున్నప్పుడు పత్రం రాసే తీరిక ఎవరికి? దక్షిణ తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చిందే ఈమధ్య: మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో. ఇక్కడినుంచి పత్రాలు తక్కువగా ఉండటానికి ఇది పెద్ద కారణం.

ఆశా వర్కర్‌ను. మేం రాసే బరువులు, తేదీలతో ఎవరైనా పేపర్ రాసుకుంటే మాకేం వస్తుంది?

న్యాయమైన ప్రశ్న. రచయితగా పేరు రావాలంటే అధ్యయనం పనిలోనూ, పత్రం రాతలోనూ పాలుపంచుకోవాలన్నది అంతర్జాతీయ నియమం. లెక్కలు మాత్రమే సేకరించినవాళ్లకు కృతజ్ఞతల్లో పేరు రావాలి, పనికి తగ్గ డబ్బూ ఇవ్వాలి. ముందే అడగండి. మీ పుస్తకంలోని పేర్లు, ఫోన్ నంబర్లు పైఅధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరికీ ఫొటో తీసి పంపకండి.

పీజీ విద్యార్థిని. నల్లగొండ లాంటి చోట ఏం పరిశోధన చేయగలను? పెద్ద యంత్రాలు లేవు.

యంత్రాలు అక్కర్లేని ప్రశ్నలు మన చుట్టూ ఉన్నాయి. కింది ఆసుపత్రుల నుంచి మీ వార్డుకు, మీ దగ్గర నుంచి హైదరాబాద్ నీలోఫర్‌కు పంపే పిల్లలు దారిలో ఎంత చల్లబడుతున్నారు? 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఒళ్లు చేరేసరికి ఎంత ఉంది? తల్లి గుండెకు కట్టి తెచ్చినవాళ్లకు, గుడ్డల్లో చుట్టి తెచ్చినవాళ్లకు తేడా ఉందా? థర్మామీటరు, గడియారం, రిజిస్టరు చాలు. డిశ్చార్జి అయిన చిన్న బరువు పిల్లల్లో ఎంతమంది కంటి పరీక్షకు తిరిగొచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదు? అమ్రాబాద్ చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చిన తల్లికి ముర్రుపాలు పట్టడం గురించి ఎవరు, ఏ భాషలో చెప్పారు? కాన్పుకు తల్లిగారింటికి పోయే మన ఆచారం వల్ల ఆశా వర్కర్ సందర్శనలు ఎన్ని తప్పిపోతున్నాయి?

ఒక ప్రశ్న తీసుకుని ఎంతమంది పిల్లలు కావాలో స్టాటిస్టిక్స్ తెలిసినవారితో ముందే లెక్క కట్టించండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ మొదటి బిడ్డను చేర్చుకున్న తేదీకన్నా ముందు ఉండాలి. చికిత్సల్లో ఏది మేలో పరీక్షించే పని అయితే సీటీఆర్‌ఐ నమోదు కూడా అంతే. తర్వాత చేయించుకుందాంలే అంటే మంచి పత్రిక ఏదీ తీసుకోదు.